పల్లం కూడా మన ఊరే

2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది. అప్పటిదాకా నెల్లూరు జిల్లాలో ఉన్న నాయుడుపేట, సూళ్లూరుపేట, దొరవారిసత్రం, తడ, వాకాడు వంటి మండలాలు కొత్త జిల్లాలో కలిశాయి. వాటితో పాటే పులికాట్ సరస్సు, శ్రీహరికోట, నేలపట్టు పక్షుల కేంద్రం మన పటంలోకి వచ్చాయి. కార్యాలయాల బోర్డులు మారాయి, దరఖాస్తుల్లో చిరునామాలు మారాయి. తిరుపతి మనసు మాత్రం కొండ దగ్గరే ఆగిపోయింది. మా ఊళ్లో నలుగురు కూర్చుని వానల గురించి మాట్లాడుకుంటే కపిలతీర్థం ఎంత ఉధృతంగా దూకిందో, కల్యాణి డ్యాంలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పుకుంటారు. ఆ నీరు ఊరు దాటాక ఏమైందని అడిగేవాళ్లు కనిపించరు.

నేను అడగదలుచుకున్నది అదే. పులికాట్ పూడిపోతోందనీ, సముద్ర ముఖద్వారాలు ఇసుకతో మూసుకుపోతున్నాయనీ ఏళ్ల తరబడి వింటున్నాం. ఇసుక తవ్వి దారి తెరిస్తే సరస్సు బాగుపడుతుందని ప్రతి ఎన్నికలప్పుడూ హామీ ఇస్తున్నారు. తవ్వాలి, అందులో నాకు అభ్యంతరం లేదు. కానీ సరస్సు ప్రాణం సగం తూర్పున ఇసుక దిబ్బ దగ్గర ఉంటే, మిగతా సగం పడమట మన చెరువుల్లో, వంకల్లో, ఏటి ఇసుకలో ఉంది. ఈ రెండో సగం గురించి తిరుపతిలో గాని చిత్తూరులో గాని ఎవరూ నోరు విప్పడం లేదు. నా బాధంతా దాని గురించే.

ముందు ఈ నేల తీరు చూడండి. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంటుంది. కింద తిరుపతి సుమారు 160 మీటర్లు. తూర్పు వైపు బస్సెక్కితే రేణిగుంట, శ్రీకాళహస్తి దాటేదాకా ఏదో ఒక పక్క కొండ తోడు వస్తూనే ఉంటుంది. నాయుడుపేట చేరేసరికి కొండలు వెనకబడతాయి. సూళ్లూరుపేట దగ్గర నేల సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అక్కడి నుంచి తూర్పుకు పోతే నేల దిగుతున్నట్టే తెలియదు. చూసే కంటికి అంతా బల్లపరుపే. అయితే ఆ బల్లపరుపు నేలలో ఒక్క అడుగు ఎత్తు తేడా బతుకులనే మార్చేస్తుంది. అడుగు మెరకలో వరి పండుతుంది. దాని కింద వేసవిలో తెల్లగా ఉప్పు పేరుకునే బీడు. ఇంకొక్క అడుగు కిందికి దిగితే సరస్సు. పాత ఊళ్లు, తాటితోపులు, గుడులు చాలావరకు మెరక దిబ్బల మీదే కనిపిస్తాయి. ఏ నేలలో ఇల్లు కట్టాలో, ఏ నేలను నీటికి వదిలేయాలో ఆ ఊళ్లు కట్టినవాళ్లకు తెలుసు.

ఆ దిబ్బలు ఒకప్పటి సముద్రపు ఒడ్లు. సుమారు 6 వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికన్నా లోపలికి ఉండేది. అలలు తెచ్చి పోసిన ఇసుక గట్లు గట్లుగా పేరుకుంది. సముద్రం వెనక్కి తగ్గుతూ ఒక గట్టు తర్వాత ఒక గట్టును వదిలిపెట్టింది. ఆ వరసలో చివరిది, అన్నిటికన్నా పెద్దది శ్రీహరికోట. దాని వెనక చిక్కిన నీరే పులికాట్. పాతవాళ్లు దీన్ని ప్రళయకావేరి అనేవారు. సరస్సు ఉత్తర భాగంలో అడుసు కింద గుల్లల పొరలు ఉంటాయి. ఒకప్పుడు ఆ గుల్లలను తవ్వి సున్నానికి కాల్చేవారు. సముద్రం ఇక్కడ ఉండి వెళ్లిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

చిలికా తర్వాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. విస్తీర్ణం ఎంత అంటే ఒక్క అంకె చెప్పలేం. నీరు తగ్గినప్పుడు సుమారు 250 చదరపు కిలోమీటర్లు, నిండినప్పుడు 450 వరకు ఉంటుంది. ఈ తేడాకు కారణం దాని లోతు. సగటున ఒక మీటరు, అంటే మనిషి నడుము దాకా. ఇంత పెద్ద సరస్సు ఇంత తక్కువ లోతుతో ఉండటమే దాని గొప్పతనం, దాని గండం కూడా. లోతు లేదు కనుక ఎండ అడుగుదాకా చేరుతుంది, నాచు పెరుగుతుంది, నాచు తినే పురుగూ పుట్రా పెరుగుతాయి, వాటి కోసం రొయ్య, చేప, కొంగ వస్తాయి. లోతు లేదు కనుకనే ఒక్క అడుగు పూడిక పడితే మూడో వంతు నీరు పోయినట్టే.

ఈ సరస్సుకు మంచినీరు తెచ్చే ముఖ్యమైన నదులు రెండు, కాళంగి, అరణి. రెండూ పాత చిత్తూరు జిల్లా కొండల నీళ్లే. కాళంగి కె.వి.బి. పురం వైపు నుంచి దిగి సూళ్లూరుపేట పక్కగా సరస్సులో పడుతుంది. అరణి పిచ్చాటూరు దగ్గర జలాశయంలో ఆగి, మిగిలింది తమిళనాడులోకి పోయి సరస్సు దక్షిణపు కొసన కలుస్తుంది. మన స్వర్ణముఖి చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వచ్చి వాకాడు బ్యారేజీ దాటి సరస్సుకు ఉత్తరాన సముద్రంలో కలుస్తుంది. అంటే పులికాట్ మైదానంలో పారే నీటిలో చాలా భాగం మన కొండల మీద కురిసిన వానే. జిల్లా పేరు నెల్లూరు అయినా చిత్తూరు అయినా తిరుపతి అయినా ఆ సంగతి మారదు. సరిహద్దు గీతలు ఇంకా ఎన్నిసార్లు మారినా నీరు పల్లమెరుగు.

ఇక్కడి వానకు ఒక లెక్క ఉంది. కృష్ణా, గోదావరి జిల్లాల వాళ్లకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే నైరుతి వానలే ప్రధానం. మన తూర్పు మండలాలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటితో వచ్చే వాయుగుండాలే ఆధారం. ఏడాది వానలో సగానికి పైగా ఆ మూడు నెలల్లోనే పడుతుంది. అందువల్ల సరస్సుకు రెండు బతుకులు. వేసవిలో ఎండకు నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఎండల్లో సరస్సు ఉత్తర భాగం దాన్ని మించిపోతుంది. ఆ తర్వాత నేలే బయటపడి పెచ్చులుగా పగులుతుంది. నవంబరులో ఏరు వచ్చి పడగానే అదే నీరు దాదాపు మంచినీరు అవుతుంది. ఈ రెండు స్థితుల మధ్య ఊగుతూ ఉండటం దానికి రోగం కాదు, ఆరోగ్యం. ఉప్పు ఎప్పుడూ ఒకేలా ఉంటే ఇక్కడ పెరిగే జీవుల్లో సగం పెరగవు.

రొయ్య సంగతే తీసుకోండి. తెల్లరొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్ల రొయ్యలు, గడ్డి పరకంత కూడా ఉండనివి, పోటు నీటితో ముఖద్వారం గుండా సరస్సులోకి వస్తాయి. చప్పబడిన నీటిలో, అడుసులో, నాచులో కొన్ని నెలలు తిని పెరుగుతాయి. పెద్దవయ్యాక ఆటుతో పాటు తిరిగి సముద్రానికి బయలుదేరుతాయి, అక్కడే మళ్లీ గుడ్లు. జాలరి వల వేసేది ఈ తిరుగు ప్రయాణంలోనే. ముఖద్వారం మూసుకుంటే పిల్ల లోపలికి రాదు. ఏటి నీరు రాకపోతే వచ్చిన పిల్లకు పెరిగే నీరు ఉండదు. రెండిట్లో ఏది లేకపోయినా వలలో పడేది నాచే.

పక్షులకూ ఇదే కథ. నేలపట్టులో గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టేది సరస్సు ఒడ్డున అనుకుంటారు చాలామంది. కాదు. అది మంచినీటి చెరువు. నీళ్లలో మొలిచి నిలబడే నీటికడప చెట్ల మీద గూళ్లు కడతాయి. చుట్టూ నీరుంటే పిల్లి, నక్క రావు, పిల్లలు క్షేమంగా ఉంటాయి. మేత మాత్రం పులికాట్ నుంచి. గూట్లో పిల్లను వదిలి, సరస్సుకు ఎగిరి, గొంతు సంచి నిండా చేపలతో తిరిగి వస్తాయి. 1976లో రక్షిత కేంద్రంగా ప్రకటించిన నేలపట్టు విస్తీర్ణం అయిదు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. చెరువులో నీరు లేని ఏడాది సరస్సు నిండా చేపలున్నా గూడు పడదు. సరస్సులో చేప లేని ఏడాది చెరువు నిండినా పిల్ల బతకదు. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలు అన్నీ ఈ చెరువు, సరస్సు, వరిపొలం మధ్య తిరుగుతూ బతికేవే. మనం వీటికి మూడు శాఖలు, మూడు దస్త్రాలు పెట్టుకున్నాం. పక్షికి అవన్నీ ఒకే ఇల్లు. 2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగోల పేరుతో పండుగ జరుపుతున్నాం. పిల్లలు బస్సుల్లో వచ్చి గులాబీ రెక్కలు చూసి మురిసిపోతారు, మంచిదే. ఆ రంగు కూడా వాటికి ఈ సరస్సుల్లోని నాచు, చిన్న రొయ్యల నుంచే వస్తుందని, ఆ నాచుకు కావలసిన నీరు వాళ్లు బస్సులో దాటి వచ్చిన నదుల నుంచే వస్తుందని ఎవరైనా ఆ పిల్లలకు చెబితే ఇంకా మంచిది.

ఈ మైదానం ఎంత సున్నితమైనదో నాకు బాగా అర్థమైంది ఒక దొరువు దగ్గర. వాకాడు వైపు తీరంలో సరుగుడు తోట పక్కన, సముద్రపు హోరు వినబడేంత దగ్గరలో, ఇసుకలో ఒక గుంట. వాలుగా, మెట్ల మాదిరి, మోకాటి లోతున తవ్వి ఉంది. అడుగున జానెడు నీళ్లు. ఒక పెద్దావిడ గుంటలోకి దిగి, గొంతుకు కూర్చుని, కొబ్బరి చిప్పతో పైపైన నీళ్లు తీసి బిందెలో పోస్తోంది. చిప్పను ముంచడం లేదు, నీటి మీద పక్కకు వాల్చి జరుపుతోంది. ఒక చిప్ప తీశాక కాసేపు ఆగుతుంది. ఇసుకలోంచి సన్నగా ఊరి మళ్లీ జానెడవుతుంది. తాగమని ఇచ్చింది. ఉప్పు చుక్క లేదు, కొబ్బరి నీళ్లంత తియ్యగా ఉంది.

"ఇంకా లోతుగా తవ్వుకుంటే ఎక్కువ నీళ్లు వస్తాయి కదా అవ్వా?" అని అడిగాను.

"తవ్వకూడదు నాయనా. కింద సముద్రం పడుకుని ఉంటుంది. దాన్ని లేపితే ఇంకేముంది, మళ్లీ ఒక వాన పెద్దగా పడేదాకా ఈ దొరువు దండగే" అంది. కాసేపాగి, తోట అవతల మోటారు పెట్టినప్పటి నుంచి వేసవిలో నీళ్లు తియ్యగా ఉండటం లేదని చెప్పింది.

ఆవిడ చెప్పిన మాటకు శాస్త్రంలో గైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రం అని పేరుంది. ఉప్పునీరు మంచినీటి కన్నా కొంచెం బరువు, వెయ్యికి ఇరవై అయిదు పాళ్లు మాత్రమే ఎక్కువ. తీరంలో ఇసుక కింద మంచినీరు ఆ ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టం కన్నా మంచినీరు ఒక మీటరు ఎత్తుగా నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు ఉప్పును తొక్కి పెడుతుంది. మోటారుతో లాగి పైన ఒక మీటరు తగ్గిస్తే కింద ఉప్పు 40 మీటర్లు పైకి లేస్తుంది. ఒకసారి ఉప్పు ఎక్కిన ఇసుకను కడగడానికి ఎన్ని వానాకాలాలు పడతాయో! ఈ మంచినీటి పొర నిలవడానికి ఇసుక దిబ్బ ఉండాలి, దిబ్బ మీద వాన పడాలి, వెనక చెరువుల్లో నీరు నిలిచి భూమిలోకి ఇంకాలి. చిల్లకూరు, కోట, వాకాడు, చిట్టమూరు ప్రాంతంలో ఈ తెల్ల ఇసుకనే సిలికా అని తవ్వి గాజు పరిశ్రమలకు పంపుతున్నారు. ఇసుకకు టన్నుకింత అని ధర కట్టారు. అది పట్టి ఉంచే నీటికి ధర కట్టినవాళ్లు లేరు.

ఇక ముఖద్వారం దగ్గరికి వద్దాం. మన వైపు రాయదొరువు, కొండూరుపాళెం దగ్గర, తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర సరస్సు సముద్రంతో కలుస్తుంది. ఈ తీరంలో ఆటుపోట్ల ఎత్తు ఒక మీటరుకు లోపే. గుజరాత్ తీరంలోలాగా పోటు వచ్చి ఇసుకను ఊడ్చేసే బలం దానికి లేదు. తీరం వెంబడి అలలు మాత్రం ఏడాది పొడవునా ఇసుకను మోస్తూనే ఉంటాయి, నైరుతి గాలుల కాలంలో ఉత్తరానికి, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి. దారిలో ముఖద్వారం కనిపిస్తే అక్కడ కొంత పోస్తాయి. అలా పేరుకున్న ఇసుకకట్టను తెగ్గొట్టే శక్తి ఒక్కదానికే ఉంది, నవంబరులో పడమటి నుంచి వచ్చే వరద. సరస్సు నిండి, నీటిమట్టం సముద్రం కన్నా పైకి లేచి, ఇసుకను కోసుకుంటూ దూకుతుంది. తవ్వకం యంత్రం కోట్ల ఖర్చుతో చేసే పనిని ఏరు ప్రతి ఏడాదీ ఊరికే చేసి పెట్టేది. ఇప్పుడు ఏరుకు ఆ బలం లేకుండా చేసి, యంత్రం కోసం ఢిల్లీకి ఉత్తరాలు రాస్తున్నాం.

ఏరుకు బలం ఎలా పోయింది? ఇక్కడే తిరుపతి సమాధానం చెప్పాలి.

మన ఊళ్లో పేటల పేర్లు చదవండి. కొరమేనుగుంట, తాతయ్యగుంట, తుమ్మలగుంట, చెన్నాయగుంట. కొండ మీద పడ్డ వాన వంకల్లో దిగి ఈ గుంటల్లో ఆగి, ఒకటి నిండి మొరవ పోయి, అంటే పొర్లి, ఇంకొకటి నింపి, చివరికి స్వర్ణముఖి చేరేది. ఇప్పుడు గుంటలు పోయాయి, పేర్లు మిగిలాయి. వంకల మీద పలకలు పరిచి కాలువలు అన్నాం. ఆగే చోటు లేక వాన నీరు ఒక్క పూటలో ఏటిలో పడుతుంది, మన మురుగునూ చెత్తనూ మోసుకుని. ఆ తర్వాత నెలల తరబడి ఏరు ఎండిపోతుంది. 2021 నవంబరులో ఏం జరిగిందో తిరుపతిలో ఎవరూ మర్చిపోలేదు. కపిలతీర్థం ఎర్రగా దూకింది, లోతట్టు కాలనీలు మునిగాయి, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. చెరువులు తగ్గిన కొద్దీ మిగిలిన చెరువు మీద భారం పెరుగుతుంది. చిన్న గుంటలు వంద ఉంటే పెద్ద చెరువు కట్టకు అంత పరీక్ష రాదు.

పోనీ, వరద ఎక్కువగా వస్తే ముఖద్వారం తెగుతుంది కదా అని అనుకోవచ్చు. ఆ ఒక్క రోజు తెగుతుంది. తెగిన దారి నిలబడాలంటే వారాల తరబడి లోపలి నుంచి నీరు పారుతూ ఉండాలి. చెరువుల గొలుసు చేసే పని అదే, రెండు రోజుల వానను రెండు నెలల ప్రవాహంగా మార్చడం. చెరువు నిండి కలుజు (మిగులు నీరు పొర్లే కట్టడం) మీదుగా పారే సన్నటి నీరు, వరిపొలం గట్టు తెంచుకుని కాలువలో పడే నీరు, ఏటి ఇసుకలోంచి ఊరే నీరు కలిసి సంక్రాంతి దాటేదాకా సరస్సును సముద్రం కన్నా వేలెడు ఎత్తున నిలిపేవి. స్వర్ణముఖి ఇసుకలో ఊట కాలువలు తీసి పొలాలు పారించుకున్న కాలం మన పెద్దలకు తెలుసు. లారీలకు ఎత్తిన ఇసుకతో పాటు ఆ ఊట కూడా పోయింది. చంద్రగిరి నుంచి శ్రీకాళహస్తి దాకా వంతెనల మీద నిలబడి కిందికి చూస్తే ఏటిలో ఇసుకకు బదులు బండరాళ్లు, తుమ్మకంప కనిపిస్తాయి.

కిందికి పోతే రోడ్లు. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి, రైలు మార్గం రెండూ ఉత్తర దక్షిణాలుగా పోతాయి. నీరు పడమటి నుంచి తూర్పుకు పోతుంది. రెండూ లంబంగా ఢీకొంటాయి. పెద్దగా వాలు లేని చోట రోడ్డు కట్ట చెరువు కట్టతో సమానం, దానికి తూములు చాలకపోతే పైనున్న ఊళ్లు మునుగుతాయి. 2015 నవంబరు వానలకు గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట ప్రాంతంలో రహదారి మీదికి నీరొచ్చి బస్సులు, లారీలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. టీవీల్లో దాన్ని ప్రకృతి వైపరీత్యం అన్నారు. వాన ప్రకృతిది, నిజమే. దారికి అడ్డంగా కట్ట వేసింది మనం.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా పోయే రోడ్డు గురించి కూడా చెప్పక తప్పదు. నాకు ఆ అంతరిక్ష కేంద్రం అంటే గౌరవం. 1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ లేచిన నేల అది. ప్రవేశాన్ని కట్టడి చేయడం వల్ల ఆ దీవిలో అరుదైన ఎండుసతతహరిత అడవి ఈ రోజుకూ మిగిలింది. బ్రిటిష్ వాళ్ల కాలంలో బకింగ్‌హామ్ కాలువ మీద పడవలు కట్టి ఆ దీవి కట్టెలను మద్రాసు పొయ్యిలకు తరలించారు. ఆ నరుకుడు ఆగింది. (ఆ అడవిలో తరతరాలుగా బతికిన యానాదులను అక్కడి నుంచి కదిలించారన్నది మాత్రం మర్చిపోకూడదు. ఏ దుంప ఎక్కడ దొరుకుతుందో, ఏ ఆకు దేనికి మందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.) అయినా ఆ రోడ్డు కట్ట సరస్సును రెండు ముక్కలు చేసిన మాట వాస్తవం. నీరు అక్కడక్కడ వదిలిన దారుల్లోంచే అటూ ఇటూ పోవాలి. ఉత్తర భాగం ముందుగా ఎండి ఉప్పు మైదానం కావడానికి ఈ కట్టకూ పాత్ర ఉంది. రాకెట్ చంద్రుడి దాకా పోవడానికి దారి చూపిన ఇంజినీర్లు ఉన్న చోట, రొయ్యపిల్ల రోడ్డు దాటడానికి ఇంకొన్ని వెడల్పు వంతెనలు కట్టలేమంటే నేను నమ్మను.

పరిశ్రమలు, రొయ్యల చెరువుల మాటెత్తగానే కొందరు మిత్రులు నాతో వాదనకు దిగుతారు. ఈ ఉప్పునేలలో ఏం పండుతుంది, రొయ్య వేస్తే నాలుగు డబ్బులు వస్తాయి, తడ వైపు ఫ్యాక్టరీలు రాకపోతే మా పిల్లలు ఎక్కడికి పోవాలి అని. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. సత్యవేడు, వరదయ్యపాళెం పిల్లలకు సొంత ఊళ్లో ఉద్యోగం దొరకడం చిన్న విషయం కాదు. ఫ్యాక్టరీ వద్దని నేననను. మెరకలో కట్టండి, వాగును పూడ్చకండి, వాడిన నీటిని శుభ్రం చేయకుండా కాళంగిలోకి వదలకండి అంటాను. ఇందులో కోరరానిది ఏమీ లేదు.

రొయ్యల చెరువుల మీద మాత్రం నా మాట కాస్త కటువుగానే ఉంటుంది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో తీర్పునిస్తూ, చిలికా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపు రొయ్యల సాగు పరిశ్రమ ఉండకూడదని చెప్పింది. నేలపట్టు పేరును కూడా ఆ తీర్పులో ప్రస్తావించింది. తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి అనుమతుల దారి మారింది. చట్టం మారినా నేల స్వభావం మారలేదు. వరిపొలం పక్కన ఉప్పునీటి చెరువు తవ్వితే ఆ ఉప్పు గట్టు దాటి ఇంకుతుంది. రెండు పంటలు లాభం వచ్చి మూడో పంటకు తెగులు తగిలితే చెరువు వదిలేసి పోతారు. వదిలేసిన ఆ గుంటలో ఆ తర్వాత వరి రాదు, గడ్డి కూడా సరిగా మొలవదు. లాభం ఎవరిదో ఒకరిది, ఉప్పు మాత్రం ఊరందరిదీ.

ప్రభుత్వ దస్త్రాల్లో ఈ పల్లపు నేలకు బీడు, పోరంబోకు అని పేరు పెట్టి, ఖాళీగా ఉంది కనుక ఏదైనా చేయవచ్చు అనుకోవడం దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. ఖాళీ అనుకున్న ఆ నేల వానాకాలంలో వరదను పరుచుకోనిస్తుంది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుపాను తీరం దాటినప్పుడు, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను ఈ తీరం పక్కగా పోయినప్పుడు ఆకాశం కుమ్మరించిన నీరు ఎక్కడో ఒక చోట పరుచుకోవాలి కదా. బీడులో పరుచుకోనివ్వకపోతే ఇళ్లలో పరుచుకుంటుంది. వేసవిలో అదే బీడు గొర్రెలకు, మేకలకు మేత. శీతాకాలంలో వేల మైళ్లు ఎగిరి వచ్చిన పక్షులకు మజిలీ.

చిలికా అనుభవం మన ముందుంది. అక్కడ కూడా ముఖద్వారం పూడి, ఉప్పు తగ్గి, చేప పోయి, జాలర్లు వలసబాట పట్టారు. ఒడిశా ప్రభుత్వం 1991లో ఆ సరస్సు కోసమే ఒక అథారిటీని ఏర్పాటు చేసింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తెరిచారు. చేపల రాబడి పెరిగింది, 2002లో ఆ పనికి చిత్తడి నేలల రక్షణకు ఇచ్చే రామ్‌సర్ పురస్కారం దక్కింది. మనవాళ్లు ఈ కథలో ముఖద్వారం ముక్కనే తీసుకుని చెబుతారు. తవ్వడానికి ముందూ తర్వాతా వాళ్లు సరస్సులోకి నీరు తెచ్చే కొండవాలుల్లో గ్రామాలతో కలిసి మట్టి కోతను ఆపే పనులు చేశారన్న సంగతి చెప్పరు. పులికాట్‌లో ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, కొంత తమిళనాడులో ఉంది. ఎవరి ముఖద్వారం వాళ్లు తవ్వుకుంటారు, ఎవరి హద్దులో వాళ్లు వల వేయమంటారు, హద్దు దగ్గర జాలర్లు కొట్టుకుంటారు. రెండు రాష్ట్రాలకూ కలిపి చిలికాకు ఉన్నటువంటి ఒక అథారిటీ కావాలి. అందులో ఇరకం దీవి జాలరి, నేలపట్టు రైతు, కాళంగి ఆయకట్టు రైతు, పిచ్చాటూరు రైతు సభ్యులుగా కూర్చోవాలి. తిరుపతి నగరపాలక సంస్థ కూడా కూర్చోవాలి, అతిథిగా కాదు, జవాబు చెప్పే పక్షంగా.

ఆ లోపు జిల్లా స్థాయిలో చేయదగినవి ఆగనక్కర్లేదు. స్వర్ణముఖి, కాళంగి ఏటి ఒడ్డున ఉన్న ప్రతి చెరువు కలుజు, దాని మొరవ కాలువ హద్దులు సర్వే చేసి రాళ్లు పాతాలి, ఆ పటాన్ని గ్రామ సచివాలయం గోడ మీద అందరికీ కనబడేలా అంటించాలి. లేఅవుట్‌కు అనుమతి అడిగినవాడు ఆ పటం ముందు నిలబడి తన ప్లాట్లు ఎక్కడున్నాయో చూపించాలి. అక్టోబరు నుంచి జనవరి దాకా వాకాడు బ్యారేజీ నుంచి, సూళ్లూరుపేట దగ్గర కాళంగి నుంచి రోజూ ఎంత నీరు కిందికి పోయిందో, రాయదొరువు దగ్గర ఆ రోజు దారి తెరిచి ఉందో మూసి ఉందో పక్కపక్కన రాసి ప్రకటించాలి. కల్యాణి డ్యాం నీటిమట్టం పత్రికలో వేసినట్టే దీన్నీ రోజూ తిరుపతి పేజీలో వేయాలి.